కళింగాంధ్రగానము – దేశీయతానిర్ణయము

ఒక జనపదమువారి గానము ఆ జనపదమువారిదే యని చెప్పుటకు ప్రమాణమేమి? వాద్యము ఆ నేలయందే పుట్టినదై యుండవలెనా? పాటలోని భాష అన్యభాషాసంపర్కమెఱుగనిదై యుండవలెనా? పాడువాడు ఆ సీమలోనే జన్మించినవాడై యుండవలెనా? ఈ ప్రశ్నలు పైకి సులభములుగా దోచును. కాని విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములతో గూడిన కళింగాంధ్రదేశము విషయమున వీనికి సమాధానము చెప్పబూనినవారికి అడుగడుగున చిక్కులు గలుగును. ఈ సీమకు మిక్కిలి కీర్తి దెచ్చిన వాద్యము ఐరోపాఖండమునుండి వచ్చినది. ఆ వాద్యమున నిచట పేరుగాంచిన మహావిద్వాంసుడు బెంగుళూరున జన్మించినవాడు. ఇచటి పల్లెజనులు తరతరములుగా కన్నీటితో వినుచు వచ్చిన వీరగాథ, ఇరుగుపొరుగు సంస్థానములు రెండు తమలో తాము పోరి నశించిన కథ. ఇట్లుండగా కళింగాంధ్రగానమని వేఱుగ నొకటి గలదా యని శంకించుట సహజమే. ఆ శంక నిలువదనియు, గానమునకు దేశీయత యెట్లు సిద్ధించునో తెలిసికొనుటకు ఈ సీమయే తగిన యుదాహరణమనియు నిరూపింపవచ్చును.

మొదట సీమయొక్క చరిత్రము విచార్యము. తూర్పుకనుమలకును సముద్రమునకును నడుమ నున్న ఈ నేల దక్షిణదేశమునుండి ఉత్కళమునకు బోవు రాజమార్గము. ఈ దారిని నడచిన ప్రభువులందఱును ఏదో యొక గుర్తు విడిచిపోయిరి. సింహాచలక్షేత్రమున చోళరాజగు కులోత్తుంగుని కాలపు శాసనము మొదలుకొని, గాంగరాజుల శాసనములును, 1516వ సంవత్సరమున కృష్ణదేవరాయలు వేయించిన శాసనమును గలవు. ఒక్క ఆలయపు గోడలమీదనే తెలుగును, సంస్కృతమును, ఓఢ్రభాషయు ప్రక్కప్రక్కల నిలిచియున్నవి. 13వ శతాబ్దమున కృష్ణమాచార్యులు ఆ సింహగిరి నరహరిని సంబోధించి చెప్పిన వచనములు, గణయతిప్రాసలకు లోబడకయే గానయోగ్యములై, తెలుగున వచనసంకీర్తనమునకు మార్గము దీసినవి. ఛందోనియమమునకు వెలుపల నిలిచియు భక్తజనులచే గౌరవింపబడిన రచన యీ సీమలో నంత ప్రాచీనకాలముననే వెలసెననుట గమనింపదగినది.

గాంగుల పిమ్మట గజపతులును, వారి పిమ్మట గోలకొండ సుల్తానులును, తఱువాత మొగలులును, నిజామును, ఫ్రెంచివారును ఈ సీమపై నధికారము నెఱపిరి. 1765వ సంవత్సరమున ఉత్తరసర్కారులు ఇంగ్లీషు కంపెనీవారికి ఢిల్లీ పాదుషా ఫర్మానాచే సంక్రమింపగా, 1766లో నిజాముతో నైన ఒడంబడిక దానిని స్థిరపఱచెను. మఱి 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సారాష్ట్ర మేర్పడినపుడు విశాఖపట్టణమండలమునుండి జయపుర సంస్థానము వేఱుపడెను. పర్లాకిమిడి జమీందారీ రెండు తునుకలై, పట్టణము ఆవలిభాగమున జేరెను. ఆ పట్టణమున చిరకాలము ఉపాధ్యాయుడై యుండి, సవరల భాషను వారి నోటనే నేర్చి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిన గిడుగు వేంకటరామమూర్తిపంతులు ఆ విభజనమును సహింపజాలక రాజమహేంద్రవరమునకు తరలివచ్చెను. తక్కిన తెలుగుకుటుంబములు పెక్కులు ఉన్నచోటనే యుండిపోయినవి. వారు ఇల్లు కదలలేదు. రాష్ట్రము మాత్రము మాఱినది. సరిహద్దులు మాఱుట యీ సీమకు క్రొత్త గాదు. అందుచే రాజకీయపు గీతలనుబట్టి యిచటి గానమునకు స్వరూపనిర్ణయము చేయుట యెన్నటికిని పొసగదు.

మఱి దేనినిబట్టి చేయవలెను? సంగీతశాస్త్రమున దీనికి సమాధానము లేకపోలేదు. మతంగముని తన బృహద్దేశియందు దేశియను పదమునకు లక్షణము చెప్పుచు, స్త్రీలును, బాలురును, గోపాలురును, భూపాలురును తమతమ దేశములయందు స్వేచ్ఛతోను అనురాగముతోను పాడునది దేశి యనెను. ఈ లక్షణమున మూడంశములు పరిశీలింపదగియున్నవి. ఒకటి: గోపాలుని పాటయు భూపాలుని పాటయు ఒక్క వాక్యముననే చేర్పబడినవి, ఒకటి యెక్కువయని గాని, రెండవది తక్కువయని గాని చెప్పబడలేదు. రెండు: వాద్యమెచట పుట్టినది, రాగమెచటనుండి వచ్చినది యను విచారణ యందు లేనేలేదు. మూడు: స్వేచ్ఛయు అనురాగమునే ప్రమాణములుగా జెప్పబడినవి. పరులు బలవంతమున మీద బెట్టినది దేశి కానేరదు. పరులదైనను మనసార స్వీకరించి తనదిగా జేసికొన్నది దేశియే యగును.

ఇందుకు భాషయందును నిదర్శనము గలదు. అన్యదేశ్యపదము తెలుగులోనికి వచ్చినపుడు వైయాకరణుడు దాని పుట్టుకను మాత్రమే విచారించి యూరకుండడు. అది తెలుగు ప్రత్యయములను గైకొనినదా, బహువచనమున తెలుగుపదమువలె మాఱుచున్నదా యని చూచును. ఫిడేలు అను పదమునే గైకొందము. అది ఇంగ్లీషువారినుండి వచ్చినది. కాని బహువచనమున ఫిడేళ్ళు అగుచున్నది. కాలు కాళ్ళైనట్లే, వేలు వేళ్ళైనట్లే యిదియు నైనది. తెలుగు జిహ్వ ఆ పదమును ఏ పండితుని యనుమతియు గోరకయే తన సూత్రమునకు లోబఱచుకొన్నది. పదమునకు పట్టిన గతియే వాద్యమునకును పట్టినది. దానిని చూపుటకు ముందు, ఈ సీమలో అంతకుముందే యున్న గోపాలగానమును స్మరించుట న్యాయము.

తప్పెటగుళ్ళు గొల్లల సొత్తు. రేకుతో జేసిన గుండ్రని తప్పెటలను ఱొమ్మున గట్టుకొని, కాళ్ళకు గజ్జెలు ధరించి, రెండు చేతులతో వాయించుచు, వలయముగా దిరుగుచు, గంగమ్మకథను కృష్ణలీలలను పాడుదురు. వానకొఱకు వేడుకొనుటయు నిందొక ప్రయోజనము. వాద్యము గుండెమీదనే యుండుటచే వాయించువాడు, ఆడువాడు, పాడువాడు నను భేద మిచట లేదు; మువ్వురును ఒక్కడే. జముకులకథలో నొక ప్రధానకథకుడును వంతపాడువారును ఉందురు. ఒకవైపు తోలుమూసిన గుల్లలో నరము బిగించి, దానిని లాగుచు సడలించుచు మీటినపుడు వెలువడు ధ్వని స్థిరస్వరము గాదు. మాటలాడు మనుష్యుని కంఠమువలె ఎక్కుచు దిగుచుండును. అందుచే కథకుని ప్రశ్నకు జముకు బదులు చెప్పుచున్నట్లు శ్రోతలకు దోచును. మన్యమున అరకులోయ ప్రాంతమున ధింసా గలదు. గిరిజనస్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవేసికొని వరుసగా నాడుచుండ, మోరి, డప్పు, తుడుము, కిరిడి, జోడుకొమ్ములు మ్రోగును. తూర్పుభాగవతులు సత్యభామాకథను మద్దెలల హోరుతో తమదైన ఫణితిని ప్రదర్శింతురు. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగువానిని పేర్కొని కావ్యమున నట్టి గానమునకు తావిచ్చినట్లు, ఈ సీమలోని వానిని పేర్కొనిన ప్రాచీనకవులు అరుదు. అంతమాత్రమున వాని ప్రాచీనతకు లోపము గలుగదు.

ఈ గాయకులు నిలిపిన చరిత్రమున మకుటాయమానమైనది బొబ్బిలికథ. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్రెంచిసేనాని బుస్సీ ఫిరంగులును, విజయనగరాధీశుడగు పెదవిజయరామరాజు సేనలును బొబ్బిలికోటను ముట్టడించినవి. రంగారాయడును, ఆతని బంధుమిత్రులును కోటలోనే మడసిరి. స్త్రీలును శిశువులును పరులచేత జిక్కకుండునట్లు ప్రాణములు గోల్పోయిరి. పిమ్మట తాండ్రపాపారాయుడు విజయరామరాజును ఆతని శిబిరమునందే వధించి తానును మరణించెను. ఈ యుదంతమును దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమను ప్రబంధముగా రచింపగా, పెద్దాడ మల్లేశము జంగముకథగా గూర్చెను. ప్రబంధమును పండితులు చదివిరి. జంగముకథ పల్లెపల్లెకును బోయినది. పిమ్మట 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద కంపెనీసేనలతో బోరి, ఆ విజయనగరవంశమువాడే యగు చినవిజయరామరాజు మరణించెను. విజయనగరమున పైడితల్లమ్మను పెదవిజయరామరాజు సోదరిగా జనులు భావించి సిరిమానోత్సవము జరుపుదురు. చూడుడు: ఒకే యుద్ధమున నోడినవారిని పాట పూజించుచున్నది, గెలిచినవాని యింటి యాడపడుచును ఉత్సవము పూజించుచున్నది. ఉభయపక్షములును జనహృదయమున స్థానము పొందినవి. రాజుల వైరము గీసిన గీతను గూడ గానము చెఱిపివేసినది.

ఇక భూపాలగానము. విజయనగర ప్రభువగు ఆనందగజపతి కాలమున ఆస్థానము కవులకును గాయకులకును నెలవయ్యెను. అచట వెలసిన మహాపురుషుడు ఆదిభట్ల నారాయణదాసు. ఈయన 1864లో అజ్జాడగ్రామమున జన్మించి 1945లో పరమపదించెను. హరికథకు పితామహుడని తెలుగువా రీయనను గౌరవింతురు. అయినను హరికథాప్రక్రియకు మూలము ఈ సీమలోనిది గాదు. మహారాష్ట్రుల కీర్తనపద్ధతి తంజావూరునకు జేరి, యచట దక్షిణాదిరూపము దాల్చినది. చెన్నపురినుండి వచ్చిన యొక భాగవతుని కథను విని, నారాయణదాసు తానును కథ చెప్ప మొదలుపెట్టెను. విత్తనము పరదేశపుది, పండిన పంట యిచటిది. కాలికి గజ్జెకట్టి, చేత చిడతలు బూని, తానే రచించిన సాహిత్యమును, తానే పాడి, తానే యాడి, నడుమనడుమ వచనముతో సభను నవ్వించి యేడిపించి, ఒక్కనియందే నాటకశాలనంతయు నిలిపినవా డీయన. అచ్చతెలుగు పదములందు మక్కువగల ఈ విద్వాంసుడే ఉమరుఖయ్యాము పారసీక రుబాయతులను సంస్కృతమునకును అచ్చతెలుగునకును దెచ్చెను. దేశిపై ననురాగము పరభాషాద్వేషము గానక్కఱలేదనుట కింతకుమించిన నిదర్శన మేల?

1919వ సంవత్సరమున విజయనగరమహారాజు సంగీతకళాశాలను స్థాపింపగా నారాయణదాసు దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరముననే అందు ఫిడేలు నాచార్యుడుగా బ్రవేశించినవాడు ద్వారం వేంకటస్వామినాయుడు. 1893లో బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున బెరిగి, దృష్టిమాంద్యముచే పాఠశాలను విడువవలసివచ్చి, అన్నయొద్ద వాద్యమును నేర్చినవా డీయన. 1936లో, అనగా ఒరిస్సాసరిహద్దు గీయబడిన సంవత్సరముననే, ఈయన కళాశాలకు అధ్యక్షుడయ్యెను. 1941లో చెన్నపురి సంగీతవిద్వత్సభ ఈయనకు సంగీతకళానిధి బిరుదము నిచ్చెను.

ఐరోపావాదకుడు ఫిడేలును నిలువబడి, గడ్డముక్రింద నదిమి వాయించును. దాని నాలుగు తంత్రులను వరుసగా పంచమాంతరమున శ్రుతిచేయును. కర్ణాటకవిద్వాంసుడు నేలపై గూర్చుండి, వాద్యముయొక్క కొనను పాదముమీద నానించి, మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, మధ్యపంచమము నను క్రమమున శ్రుతిచేయును. వాద్యము కదలక నిలుచుటచే ఎడమచేయి స్వేచ్ఛగా తంత్రులపై జాఱును. జాఱుటచే గమకము సాధ్యమగును. 19వ శతాబ్దారంభమున బాలుస్వామిదీక్షితుడు మొదలగువారు చేసిన మాఱ్పులచే వాద్యమునకు దక్షిణదేశమున నెలవు గలిగినది. నాయుడు దానికి మఱొక మెఱుగు పెట్టెను. పాశ్చాత్యవాదకుల కమానునడకను శ్రద్ధతో పరిశీలించి, నిడుపైన కమానుతో నాదమును తెగనీయక సాగదీసెను. గాత్రమునకు తోడునీడగా నున్న వాద్యము ఆయన చేతిలో స్వతంత్రముగా కచేరి చేయగలదని రుజువయ్యెను. ఇట్లు కమాను పద్ధతి పాశ్చాత్యము, గమకము కర్ణాటకము, వాదకుడు తెలుగువాడు. విజయనగరపు జనులకు మాత్రము ఆయన ఫిడేలు నాయుడుగారు. అందులో పరదేశమేదో వారికి దోచనేలేదు. ఆ కళాశాలలోనే చదివిన ఘంటసాల వేంకటేశ్వరరావును, పి. సుశీలయు చలనచిత్రములద్వారమున తెలుగుదేశమంతట విననైరి.

పరవాద్యము స్వవాద్యమగుట ఆంధ్రదేశమునకే ప్రత్యేకము గాదు. ఉత్తరామెరికాఖండమున టెక్సాసు అను సీమ గలదు. అచట స్పానిషుభాష మాటలాడు జనులు చిరకాలముగా నివసించుచుండిరి. ఆ సీమ 1836లో మెక్సికోనుండి వేఱుపడి, 1845లో అమెరికాసంయుక్తరాష్ట్రములలో జేరెను. 1848నాటి సంధిచే రియోగ్రాందెనది సరిహద్దయ్యెను. నది కుత్తరమున నుండిపోయినవారు టెహానోలనబడిరి. పర్లాకిమిడి తెలుగువారివలెనే వారును కదలకయే రాజ్యము మాఱినవారు. ఆ సీమలోనికి వలసవచ్చిన జర్మనులు, చెక్కులు తమతో అకార్డియనను గాలితిత్తివాద్యమును, పోల్కా యను నృత్యగతిని దెచ్చిరి. టెహానో కూలిజనులు ఆ వాద్యమును గైకొనిరి. నార్సీసో మార్తీనెస్ అను వాదకుడు 1930ల నుండి దాని ఎడమవైపునున్న మంద్రస్వరముల మీటలను ఇంచుమించుగా విడిచిపెట్టి, ఆ పనిని బాహోసెక్స్తో అను పండ్రెండుతంత్రుల వాద్యమునకు ఒప్పగించెను. కుడిచేతి మీటలమీద చుఱుకైన స్వరములు మాత్రము నిలిచినవి. అంతటితో జర్మనుల వాద్యము టెహానోల గొంతు అయినది. 1901లో గ్రెగోరియో కోర్తెస్ అను రైతు తన యన్నను కాల్చిన అధికారిని కాల్చి పాఱిపోగా, ఆతనిపై కొరీదో యను కథాగీతము పుట్టినది. అమెరికో పరేదెస్ అను పండితుడు 1958లో దానిపై గ్రంథము రచించి, పామరుల పాటను విశ్వవిద్యాలయమున కెక్కించెను.

ఈ సామ్యముతోబాటు భేదమును గూడ గుర్తింపవలెను. టెక్సాసున పరవాద్యమును ముందుగా గైకొన్నవారు కూలిజనులు. పాటయు, వాద్యమును, వీరగాథయు ఒక్క జనమునందే కలిసియుండెను. కళింగాంధ్రమున ఫిడేలు సభలో గూర్చుండెను. జముకు గుడియరుగుమీదనే నిలిచిపోయెను. ఒకదానికి ఆచార్యపీఠమును, పాఠక్రమమును, బిరుదములును గలిగినవి. రెండవదానికి తండ్రినుండి కుమారునకు వచ్చు నోటిపాఠమే యాధారము. మతంగుడు ఒక్క వాక్యమున జేర్చిన గోపాలభూపాలురను పిమ్మటివారు విడదీసిరి. కళింగాంధ్రగానమని వేఱుగ నొకటి లేదను శంకకు నిజమైన మూలమిదియే. సగము మాత్రమే చూచువానికి సమగ్రరూపమెట్లు కానవచ్చును?

ఆ రెండు సగములును మరల గలిసికొనిన తావు విశాఖపట్టణము. పూర్వము ఈ తీరమునుండి వేలకొలది కూలిజనులు ఓడలెక్కి రంగూనునకు బోయెడివారు. 1933లో క్రొత్త రేవు నడువనారంభించెను. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడినది. అచట నిర్మింపబడిన జలఉష యను నౌక 1948లో సముద్రమున దిగెను. 1966లో ఉక్కుకర్మాగారము కొఱకు మహాందోళనము చెలరేగి, పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1971లో శంకుస్థాపనము జరిగి, 1992లో కర్మాగారము జాతి కంకితమయ్యెను. విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు అనునది ఆ యాందోళనపు నినాదము. అందలి అంత్యప్రాసను వైయాకరణదృష్టితో జూడదగును. ఉక్కు అచ్చతెలుగు, హక్కు అరబ్బీనుండి వచ్చిన యన్యదేశ్యము. వీధిలో నఱచిన జనులు ఆ భేదము నెంచలేదు. రెండును వారి నోట సమానముగా బలికినవి.

ఆ నౌకానిర్మాణశాలలో పనిచేసినవాడే వంగపండు ప్రసాదరావు. 1943లో పార్వతీపురప్రాంతమున జన్మించి 2020లో మరణించిన ఈ వాగ్గేయకారుడు, పల్లెలోని జముకుల గతులను, ఉత్తరాంధ్రపు పలుకుబడిని, కర్మాగారపు జీవనముతో ముడివేసెను. 1972 ప్రాంతమున వెలసిన జననాట్యమండలితో నీయనకు సన్నిహితసంబంధము గలదు. ఆయన రాజకీయాభిప్రాయముల నంగీకరింపని వారును ఆయన పాటను పాడుకొనిరి. యంత్రముల నడుమ పనిచేయు మనుష్యుడు గొల్లల నడకతో, జముకుకథకుని విఱుపుతో పాడుట యొక విశేషము. పరిశ్రమ వచ్చినంతమాత్రమున పల్లెపాట చావవలెననునది నియమము గాదని దానిచే తెలియుచున్నది. అంతకుముందే గురజాడ అప్పారావు 1910లో ముత్యాలసరముల నడకలో మూడునాలుగు మాత్రల మిశ్రగతిని గ్రహించి, కావ్యమును జనుల గొంతునకు దగ్గఱ చేసెను. నారాయణదాసు, నాయుడు, గురజాడ, వంగపండు వేఱువేఱు త్రోవల నడచినవారు. అయినను పరకీయమును స్వీయముగా మార్చుట, సభను వీధికిని వీధిని సభకును జేర్చుట వారియందు సాధారణధర్మము.

కావున కళింగాంధ్రగానము కలదు. అది యొక వాద్యమునందు గాని, యొక కులమునందు గాని, యొక రాష్ట్రపు హద్దులందు గాని లేదు. వచ్చినదానిని అనురాగముతో గైకొని, తన గమకమును, తన నడకను, తన విఱుపును దానికి జేర్చుటయందు గలదు. ప్రకృతి ఎచటిదైనను ప్రత్యయము తనదగుటయే దేశీయత. ఈ నిర్ణయమునుండి యొక కర్తవ్యము గూడ తేలుచున్నది. ప్రకృతులను ఇతరులనుండి మరల దెచ్చుకొనవచ్చును. ప్రత్యయములు పోయినచో దెచ్చుకొనుటకు తావు లేదు. ఫిడేళ్ళు ఏ దేశముననైన దొరకును. జముకునరమును ఎంత లాగిన నే మాటకు సరిపోవునో, తప్పెటగుళ్ళలో నే దెబ్బకు ఏ యడుగో, ఏ గతికి జనులు వాడు పేరేమో, ఇవి తెలిసినవారితోడనే పోవును. పాటల మాటలను మాత్రము వ్రాసికొని తృప్తిపడుట నిఘంటువును గూర్చి వ్యాకరణమును విడిచినట్లగును. సంగీతశాస్త్రజ్ఞుడును, భాషాపండితుడును కలిసి, సరిహద్దునకు ఈవలనున్న గ్రామములతోబాటు ఆవలనున్న తెలుగుగ్రామములకును బోయి, గతులను స్వరాంకనముతోను ధ్వనిముద్రణముతోను, వానికి జనులు పెట్టుకొన్న పేళ్ళతోను సేకరింపవలసియున్నది. పాఠశాలలోని పండితుడు తన శిష్యులలో గొల్లల బిడ్డ యున్నచో ఆ బిడ్డ యింటి తప్పెట నడకను ఛందఃపాఠమున నొక యుదాహరణముగా జెప్పించిన చాలును. మతంగుని వాక్యము మరల సమగ్రమగును.